తుప్పుకి ఇన్ని తిప్పలు: ఎర్ర సముద్రపు అడుగుని డబ్బాలో వండుతున్న ప్రాజెక్టు డైరీ

జూన్ 24, 2025

ఈ పని ఎందుకు మొదలైందో ముందు రాసిపెట్టుకోవాలి. మూడు నెలలు పోతే నాకే గుర్తుండదు.

పోయిన డిసెంబరులో పేపర్లో ఒక ఫొటో వచ్చింది. హిందూ మహాసముద్రం మధ్య గట్టు మీద, 4,500 మీటర్ల లోతున, వేడినీళ్ళు కక్కుతున్న బుగ్గ. గోవా ఎన్‌సీపీఓఆర్ (ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం), చెన్నై ఎన్‌ఐఓటీ (సముద్ర సాంకేతిక సంస్థ) వాళ్ళు కలిసి తీశారు. కత్తిరించి ల్యాబ్ తలుపుకి అంటించాను. ఈ జూన్‌లో ఫైనలియర్‌కి వచ్చిన అమ్మాయిలిద్దరు దాని ముందు నిలబడి, "ఆ నీళ్ళలో ఇనుము ఉంటదన్నారు కదా మేడమ్, అది చివరికి ఏమవుద్ది?" అని అడిగారు. "కొంత సల్ఫైడుగా అక్కడే కూలిపోతుంది. మిగతాది ఆక్సిజన్ తగిలి తుప్పు పట్టి అడుగుమట్టిలో చేరుతుంది" అని చెప్పి క్లాసుకి వెళ్ళిపోయాను.

ఇంటికొచ్చాక ఆ మాటే గుచ్చుకుంది. తుప్పంటే ఏ తుప్పు? ఫెర్రిహైడ్రైటా, గోథైటా, లెపిడోక్రోసైటా, హెమటైటా, మాగ్నటైటా? ఒకే పిండితో ఇడ్లీ వేయొచ్చు, అట్టు పోయొచ్చు, పునుగులు వేయొచ్చు. ఇక్కడ పిండి ఇనుము, ఆక్సిజన్, నీళ్ళు. సముద్రం అడుగున ఏది వండాలో తేల్చేది ఏమిటి? పాతికేళ్ళుగా కెమిస్ట్రీ చెబుతున్నాను, ఈ ప్రశ్నకి నా దగ్గర సరైన జవాబు లేదు.

నల్ల పొగ బుగ్గల్లో నీళ్ళు 350 డిగ్రీల పైమాట. పైన వందల వాతావరణాల ఒత్తిడి ఉంటుంది కాబట్టి అంత వేడిలోనూ మరగవు. అది మా వల్ల కాదు. మా ఓవెన్ మీద 250 డిగ్రీల దాకా అని రాసుంటుంది గానీ, 110 దాటితే వైరు కాలిన వాసనొస్తుంది. అందుకని మా ఓవెన్ తాహతుకి సరిపోయే సముద్రాన్ని వెతికాను. దొరికింది.

ఎర్ర సముద్రం మధ్యలో, జెడ్డాకి పడమటగా, సుమారు 2,000 మీటర్ల లోతున అట్లాంటిస్-2 డీప్ అనే గుంట ఉంది. అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థ వాళ్ళ నౌక పేరే దానికి పెట్టారు. 1948లో స్వీడన్ నౌక ఆల్బట్రాస్ ఆ దారిన పోతూ అక్కడి అడుగునీళ్ళు ఉండాల్సినదాని కంటే వేడిగా, ఉప్పగా ఉన్నాయని చూసింది. అసలు గుట్టు 1960లలో బయటపడింది. గుంట నిండా మామూలు సముద్రపు నీటికి ఏడెనిమిది రెట్లు ఉప్పున్న చిక్కటి నీరు నిలిచి ఉంది. బరువు ఎక్కువ కాబట్టి పైకి లేవదు, పై నీటితో కలవదు. దానికి ఆక్సిజన్ అందదు. లీటరుకి 80 మిల్లీగ్రాముల దాకా ఇనుము ఫెర్రస్ రూపంలో కరిగి ఉంటుంది. ఆక్సిజన్ తగిలితే అదే ఫెర్రిక్ ఇనుముగా మారి తుప్పుగా కూలుతుంది. 1960లలో దాని వేడి 56 డిగ్రీలు, 1990ల నాటికి 66కి చేరింది.

అరవై ఆరు డిగ్రీలు! మా ఓవెన్‌కి అది పండగ.

జూన్ 30

మొదటి ప్రయోగం పిల్లల సరదా కోసం. లీటరు మెజరింగ్ సిలిండర్లో అడుగున ఇనుము కలిపిన చిక్కటి ఉప్పునీరు, పైన మామూలు సముద్రపు నీరు. గుంటలో ఇనుము తుప్పు పట్టేది సరిగ్గా ఆ రెండూ కలిసే సరిహద్దులోనే, కింది నీటి ఇనుముకి పై నీటి ఆక్సిజన్ తగిలే చోట. ఆ సరిహద్దు కళ్ళకి కనపడాలి.

సముద్రపు నీరు ఆదివారం ఉప్పాడ నుంచి క్యానుతో తెచ్చాను. ఫిల్టర్ పేపర్ గుండా దించితే ఇసక, నాచు పోయాయి. పీహెచ్ 8.1. ఉప్పు మాత్రం కక్కుర్తి పడి వీధి చివర కొట్లో కిలో ప్యాకెట్టు కొన్నాను. ఇనుప రజనుని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి ఫెర్రస్ క్లోరైడు చేశాం. మోర్ సాల్ట్ (ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేటు) బీరువా నిండా ఉంది గానీ, అందులో సల్ఫేటు, అమోనియం కూడా వస్తాయి. అవి వద్దనుకున్నాను.

ఉప్పునీటిని మరిగించి, మూతపెట్టి చల్లార్చి, ఇనుము కలిపి అడుగున పోశాం. దాని మీద స్పూను వెనక భాగం నుంచి సముద్రపు నీటిని జారవిడిచాం. సరిహద్దులో నారింజ రంగు వస్తుందని నలుగురం కళ్ళు కాయలు కాసేలా చూస్తున్నాం. నారింజ బదులు నీలం వచ్చింది.

"మేడమ్, ఇది రాగేమో" అందొక పిల్ల. కాదు. ప్యాకెట్టు తిప్పి చూస్తే చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: యాంటీకేకింగ్ ఏజెంట్, ఐఎన్‌ఎస్ 536. అంటే పొటాషియం ఫెర్రోసయనైడ్. ఉప్పు గడ్డ కట్టకుండా రవ్వంత కలుపుతారు. కూరలో అది ఎవరికీ తెలీదు. ఇనుము ఉన్న నీళ్ళలో మాత్రం ప్రష్యన్ బ్లూ అయి కూర్చుంటుంది. పైగా మేము వేసింది లీటరుకి పావు కిలో పైనే. డిగ్రీ పిల్లలకి ఫెర్రిక్ అయాన్‌ని గుర్తుపట్టే పరీక్షగా ఏటా చెప్పేది ఇదే. చెప్పేదాన్నే పప్పులో కాలేశాను.

జూలై 3

ల్యాబ్ గ్రేడు సోడియం క్లోరైడుతో మళ్ళీ చేశాం. కళ్ళుప్పు వేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది గానీ, ఉప్పుమడుల నుంచి వచ్చే దాంట్లో బంకమట్టి, మెగ్నీషియం ఉంటాయి. ఈసారి తెలివి తెచ్చుకున్నాను.

ఇరవై నిమిషాలకి సరిహద్దులో టీ మరకలా పల్చటి రంగు. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి వేలెడు మందాన నారింజ పట్టీ. సాయంత్రానికి అందులోంచి పొలుసులు విడివడి మంచులా కింది ఉప్పునీటిలోకి రాలడం మొదలైంది. మా ల్యాబ్ అటెండరుని నేను బాబాయ్ అంటాను. ఆయన వంగి చూసి, "టీ మీద మీగడ కట్టినట్టుందమ్మా" అన్నాడు. బాబాయ్ చెప్పిన ఆ మీగడే గుంటలో వేల ఏళ్ళుగా రాలుతూ, అడుగున మీటర్ల కొద్దీ రంగురంగుల మట్టి పొరలయింది.

ఇక్కడ పిల్లలకి ఒక లెక్క వేయించాను. ఫెర్రస్ ఇనుము గాలి తగిలి ఫెర్రిక్‌గా మారే వేగం హైడ్రాక్సైడ్ గాఢత వర్గం మీద ఆధారపడుతుంది. అంటే పీహెచ్ ఒక్క అంకె దిగితే వేగం వంద రెట్లు పడిపోతుంది. ఆక్సిజన్ తగ్గినా తగ్గుతుంది, చల్లబడినా తగ్గుతుంది. అందుకే అట్లాంటిక్ లోతుల్లో బుగ్గల నుంచి వచ్చిన ఇనుములో సగం అరగంటలోపే తుప్పు పడుతుంది. పసిఫిక్‌లో అదే పనికి గంటలు కావాలి. పసిఫిక్ అడుగునీళ్ళు చాలాకాలంగా లోతుల్లో తిరుగుతూ ఆక్సిజన్ పోగొట్టుకున్నాయి, పీహెచ్ కూడా కాస్త తక్కువ. హిందూ మహాసముద్రానిది ఈ రెంటికీ మధ్య దారి. ఈ లెక్క చేసిన అమ్మాయి మా సిలిండర్‌కి కూడా వేసింది: పై నీటిలో నిమిషాలు, కింది నీటిలో రోజులు. పట్టీ సరిగ్గా మధ్యలోనే ఎందుకు కట్టిందో అడక్కుండానే చెప్పేసింది.

జూలై 14

ఆ నారింజ పొలుసుల పేరు ఫెర్రిహైడ్రైట్. కంటికి జిగురు జిగురుగా కనిపిస్తుంది గానీ, ఒక్కో రేణువు రెండు నుంచి ఆరు నానోమీటర్లే. స్థిరం లేని మనిషిలాంటిది. వదిలేస్తే ఇంకో ఖనిజంగా మారిపోవాలనే చూస్తుంది. ఏ ఖనిజం వైపు మొగ్గుతుందన్నదే మా ప్రాజెక్టు.

సిలిండర్లో వచ్చేది చిటికెడు. డబ్బాలకి సరిపడా కావాలి కాబట్టి విడిగా చేశాం. 40 గ్రాముల ఫెర్రిక్ నైట్రేటుని అర లీటరు డిస్టిల్డ్ వాటర్లో కరిగించి, కలుపుతూ ఒక మోలార్ పొటాషియం హైడ్రాక్సైడు 330 మిల్లీలీటర్ల దాకా పోయాలి. పీహెచ్ 7కి దగ్గరయ్యాక చుక్క చుక్కా వేయాలి, ఆఖర్లో ఒక్కసారిగా ఎగురుతుంది. మాది 8.4కి ఎగిరింది. మళ్ళీ చేశాం.

కడగడం మాత్రం నరకం. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, తేట వంచి, మళ్ళీ నీళ్ళు పోసి తిప్పాలి. మొదటి మూడు కడుగులు చక్కగా దిగాయి. నాలుగో కడుగుకి తేట తేటగా లేదు, ఎర్రగా ఉండిపోయింది. సెంట్రిఫ్యూజ్ చెడిందనుకున్నారు పిల్లలు. చెడలేదు. ఉప్పు పోయేకొద్దీ రేణువుల మీది విద్యుదావేశం వాటిని ఒకదాన్నొకటి తోసుకునేలా చేస్తుంది, ఇక కిందికి దిగవు. గోదావరి బురదనీళ్ళు సముద్రంలో కలిసేచోట ఉప్పు తగిలి మట్టి దిగిపోతుంది చూడండి, దానికి ఇది తిరగేసిన కథ. ఇక కడగడం ఆపాం.

ఆరబెట్టడం ఓవెన్లో కాదు. వేడి చేస్తే అక్కడే హెమటైటు వైపు జారిపోతుంది. తేమ పీల్చే డెసికేటర్లో పెట్టి తాళం వేశాను.

జూలై 21

డబ్బాలు అయిదు. గుర్తు కోసం ఇక్కడ రాసుకుంటున్నాను.

ఒకటిలో ఫెర్రిహైడ్రైట్, ఘాటు క్షారం, పీహెచ్ 12 పైన. ఎర్ర సముద్రంలో ఇలాంటి క్షారం ఉండదు. ఇది కొలతకర్ర మాత్రమే. ఈ తీరులో 65-70 డిగ్రీల మీద సుమారు మూడు రోజుల్లో పసుపుపచ్చ గోథైటు వచ్చి తీరాలని ఎన్నాళ్ళనుంచో తెలిసిన సంగతి. మా ఓవెను, మా చేతులు సరిగా ఉన్నాయో లేదో ఇది చెబుతుంది. రెండో దాంట్లోనూ అదే క్షారం, పైన సోడియం సిలికేటు కొంచెం. దాన్ని హార్డ్‌వేర్ షాపులో వాటర్ గ్లాస్ పేరుతో అమ్ముతారు, నీళ్ళలో సిలికా ఇచ్చేది అదే. మూడోది చిక్కటి ఉప్పునీరు, తటస్థ పీహెచ్. నాలుగోదీ అదే, లీటరుకి 80 మిల్లీగ్రాముల ఫెర్రస్ ఇనుముతో. అయిదోది నాలుగో దాని కవల, దానికి సిలికా అదనం.

సిలికా ఎందుకంటే బుగ్గల నీళ్ళు రాళ్ళని కరిగించుకుని వస్తాయి. ఇనుముతో పాటు సిలికా కూడా మోసుకొస్తాయి. సముద్రం అడుగున ఈ రెండూ విడివిడిగా దొరకడం అరుదు.

ఈ వారం మొదటి మూడే పెడుతున్నాం. ఫెర్రస్ డబ్బాలకి ఆక్సిజన్ లేని గాలి కావాలి. నైట్రోజన్ సిలిండర్ కోసం ఇండెంట్ పెట్టాను. అది ఏ బల్ల మీద నిద్రపోతోందో తెలీదు.

జూలై 29

ఎనిమిది రోజులైంది. ఒకటో డబ్బా మూడో రోజుకే పసుపు కావాలి. ఇప్పటికీ ఇటుకపొడి రంగులోనే ఉంది, అంచుల్లో మాత్రం కాస్త పసుపు ఛాయ. రెండో డబ్బాలో మార్పు లేదు, అది మేం అనుకున్నదే. కానీ ఒకటోది ఎందుకు మొండికేసింది? ఓవెన్లో వేరే థర్మామీటరు పెట్టి చూశాం, 65. పీహెచ్ సరిగ్గానే ఉంది. మందు పాతదా? కొత్త సీసాది.

"ఏంటమ్మా, తుప్పుకి ఇన్ని తిప్పలా? మా గేటుకి పెయింటు మానేస్తే నాలుగు రోజుల్లో వచ్చుద్ది" అన్నాడు బాబాయ్. నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది.

ఆగస్టు 4

దొరికింది. దొరికింది బాబాయ్‌కే.

డబ్బాలంటున్నాను గానీ అవి గాజు రీజెంటు సీసాలు. ఒకటో సీసాని ఖాళీ చేసి కడగమని ఇచ్చాను. ఎంత తోమినా మసక పోవడం లేదని తెచ్చి చూపించాడు. లోపలి గాజు పాలపొర కట్టినట్టు గరుకుగా ఉంది, ద్రవం ఉన్న మట్టం దాకానే. పైన మామూలుగా మెరుస్తోంది.

గాజంటే సిలికానే కదా. ఘాటు క్షారాన్ని 65 డిగ్రీల్లో వారం రోజులు గాజులో ఉంచితే గాజుని నాకేస్తుంది. అలా కరిగిన సిలికా వెళ్ళి ఫెర్రిహైడ్రైట్ రేణువుల్ని పట్టుకుంది. సిలికా లేని డబ్బా అని చీటీ అంటించినదానికి సీసాయే సిలికా పోసింది! వడగట్టిన నీటిని ఆమ్లంతో సర్ది, అమ్మోనియం మాలిబ్డేటు వేస్తే, సిలికా ఉంటే వచ్చే పసుపు రంగు వచ్చింది. సందేహం లేదు. క్షారాన్ని గాజు సీసాలో బిరడా పెట్టి దాచకూడదని ఫస్టియర్లోనే చెబుతాం, బిరడా బిగుసుకుపోతుందని. బిగుసుకోవడం దగ్గరే ఆగిపోయాం, కారణం నుంచి ఇంకొక్క అడుగు ముందుకి ఆలోచించలేదు.

నిజానికి ఈ తప్పు మాకు మేలే చేసింది. సిలికా ఎంత తక్కువైనా పని చేస్తుందని కొలిచి చూపించాలంటే ఇంత బాగా నేను ప్లాన్ చేసేదాన్ని కాదు. ఇనుముతో పోలిస్తే ఆ సిలికా ఏ కొద్దో. అయినా మార్పుని ఆపేసింది. గోథైటు కావాలంటే ఫెర్రిహైడ్రైట్ కరిగి, కొత్త స్ఫటికంగా మళ్ళీ కట్టుకోవాలి. సిలికా దాని ఉపరితలానికి అంటుకుని ఆ కరగడాన్నే అడ్డుకుంటుంది.

పాలీప్రొపిలీన్ డబ్బాలు అరడజను కొన్నాను. నా జేబులోంచే.

ఆగస్టు 8

ప్లాస్టిక్ డబ్బాలో ఒకటోది పసుపైపోయింది. మూడో రోజు పొద్దున్న మూత తీస్తే మేలిమి పసుపుమట్టి. ఎక్స్ కిరణాలు ఏ కోణాల్లో చెదిరాయో చూసి ఖనిజాన్ని గుర్తుపట్టే ఎక్స్‌ఆర్‌డీ పరీక్ష అక్కర్లేదనిపించింది. అయినా చేయిస్తాం.

ఆగస్టు 19

విశాఖ. పొద్దున్న రైలు, ఎక్స్‌ఆర్‌డీ స్లాటు పదకొండింటికి. యంత్రం దగ్గరున్న అబ్బాయి ఓపికమంతుడు. మొదటి గ్రాఫు రాగానే నా గుండె జారింది. నేపథ్యం కొండంత ఎత్తులో ఉంది, దాని మీద శిఖరాలు పుట్టుమచ్చల్లా. "కంగారు పడకండి మేడమ్, మాది కాపర్ ట్యూబు. ఇనుము శాంపిల్ పెడితే అదే మెరిసి గోల చేస్తుంది" అన్నాడు. రాగి నుంచి వచ్చే ఎక్స్ కిరణం ఇనుముని రెచ్చగొట్టి దాని సొంత కిరణాలు వెలువడేలా చేస్తుంది. కోబాల్టు ట్యూబు ఉంటే ఈ బాధ లేదు. లేదు కాబట్టి స్కానుని నెమ్మది చేసి, ఒక్కో శాంపిల్‌కి రెండు గంటలు పెట్టాం.

ఒకటో డబ్బాలో 21.2 డిగ్రీల కోణం దగ్గర నిలువెత్తు శిఖరం. గోథైటు, సాక్షాత్తూ. రెండో దాంట్లో 35 దగ్గర ఒకటి, 62 దగ్గర ఒకటి, బద్ధకంగా పడుకున్న రెండు మూపురాలు. అంటే ఫెర్రిహైడ్రైట్ నాలుగు వారాలుగా కదల్లేదు. మూడో డబ్బా గ్రాఫు చూసి మాత్రం ఎగిరి గంతేశాను. 31.7 దగ్గర కత్తిలాంటి శిఖరం. ఏదో కొత్త ఖనిజం!

అబ్బాయి చూసి, "ఉప్పు మేడమ్" అన్నాడు. సోడియం క్లోరైడే. సరిగ్గా కడగలేదు. నీళ్ళతో మళ్ళీ కడిగి సాయంత్రం స్లాటులో పెడితే 33.2 దగ్గర సన్నటి హెమటైటు శిఖరం, దాని వెనక ఇంకా మూపురాలు. తటస్థ పీహెచ్‌లో ఫెర్రిహైడ్రైట్ హెమటైటు వైపు మొగ్గుతుంది, కాకపోతే నెమ్మదిగా. పుస్తకాల్లో చదివిందే. మన చేత్తో వండినది మన ముందు గ్రాఫులో కనబడితే దాని రుచి వేరు.

తిరుగు రైల్లో పిల్లలు ఉప్పు శిఖరం మీద నన్ను ఏడిపించారు.

సెప్టెంబర్ 3

నైట్రోజన్ ఇంకా రాలేదు. పిల్లల్లో ఒకమ్మాయి వాళ్ళ నాన్నగారికి టైర్ల షాపుంది. టైర్లలో నైట్రోజన్ నింపుతారు కదా మేడమ్ అంది. బ్రహ్మాండం అనుకుని పెద్ద బెలూన్ల నిండా తెచ్చుకున్నాం.

నాలుగో డబ్బా పెట్టే ముందు బాబాయ్ ఎదుటే చిన్న పరీక్ష. ఫెర్రస్ క్లోరైడులో క్షారం వేస్తే తెల్లటి ఫెర్రస్ హైడ్రాక్సైడు రావాలి. ఆక్సిజన్ రవ్వంత ఉన్నా అది ఆకుపచ్చగా మారుతుంది. దాన్నే గ్రీన్ రస్ట్ అంటారు, పచ్చ తుప్పు. పొరల్లో ఫెర్రస్, ఫెర్రిక్ ఇనుములు రెండూ ఉండే ఖనిజం. మా వయల్లో తెలుపు కాసేపే. నిమిషాల్లో నీలిపచ్చ, అరగంటలో గోధుమరంగు. టైర్ల నైట్రోజన్‌ని గాలిలోంచే వడగట్టి తీస్తారు, అందులో ఇంకా కొన్ని శాతాల ఆక్సిజన్ మిగిలే ఉంటుంది. కారుకి అది చాలు, ఫెర్రస్ ఇనుముకి చాలదు.

అయినా ఆ పచ్చరంగుని పిల్లలకి చూపించగలిగాను. గాలిలో నిమిషాలు కూడా బతకని ఖనిజాన్ని చూడాలంటే ఇలాంటి తప్పులే చేయాలి.

సెప్టెంబర్ 16

అసలైన నైట్రోజన్ వచ్చింది, పక్క కాలేజీ ఫిజిక్సు వాళ్ళ పుణ్యాన. ఉప్పునీటిని మరిగించి, నైట్రోజన్ బుడగలు రెండు గంటలు పంపాం. తెల్ల హైడ్రాక్సైడు పరీక్ష పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తెల్లగానే నిలిచింది. అప్పుడే నాలుగు, అయిదు డబ్బాలు పెట్టాం. పీహెచ్ 7 దగ్గర ఉంచాం. గుంటలోని నీరు ఇంకాస్త ఆమ్లపు వైపే ఉంటుంది. అలా పెడితే మా సెమిస్టరు సరిపోదు. ఇది మా రాజీ, దాచడం లేదు. నాలుగో దానికి ఇంకో కవలని కూడా చేసి, ఓవెన్లో కాకుండా బల్ల మీద మామూలు వేడిలో ఉంచాం.

మర్నాడు పొద్దున్న చెబుతున్నాను, అక్షరాలా ఒక్క రాత్రి. ఓవెన్లోని నాలుగో డబ్బా ముదురు గోధుమరంగైంది. పాత స్పీకరులోంచి పీకిన అయస్కాంతాన్ని డబ్బా పక్కన పెడితే మడ్డి కొంచెం దాని వైపు వంగింది. ఫెర్రస్ లేని మూడో డబ్బాలో నాలుగు వారాలకి వచ్చింది సన్నటి శిఖరం ఒక్కటే. ఇక్కడ లీటరుకి 80 మిల్లీగ్రాముల ఫెర్రస్ చేసిన పని ఇది.

ఫెనాంత్రోలిన్‌తో ఫెర్రస్‌ని కొలిచాం. నారింజ ఎరుపు రంగు ఎంత ముదురైతే అంత ఫెర్రస్. మొదటి గంటలోనే కొంత తగ్గి, తర్వాత దాదాపు నిలకడగా ఉంది. తగ్గినది రేణువుల మీద అంటుకున్న వాటా. అంటుకున్న ఫెర్రస్ తన ఎలక్ట్రానుని లోపలి ఫెర్రిక్‌కి ఇస్తుంది. లోపలిది ఫెర్రస్‌గా మారి కరిగి బయటికొస్తుంది. ఇచ్చినది ఫెర్రిక్‌గా అక్కడే కొత్త స్ఫటికంలో కూర్చుంటుంది. కూలీకి వచ్చినవాడు ఇల్లు కట్టి అందులోనే ఉండిపోయాడు, ఇంట్లోవాడు బయటికొచ్చి పక్కింటికి కూలీకెళ్ళాడు. లెక్కకి ఫెర్రస్ తగ్గదు గానీ ఊరంతా కొత్త ఇళ్ళు లేస్తాయి.

అయిదో డబ్బా మాత్రం ఎలా పెట్టామో అలాగే ఉంది.

సెప్టెంబర్ 26

దసరా సెలవులకి ఓవెన్ ఆపేయాలని పైనుంచి మాట. అయిదో డబ్బా ఇప్పుడు పదో రోజు. బతిమాలి, సెక్యూరిటీ ఆయన రోజూ ఒకసారి చూసేలా ఒప్పించాను. డబ్బా మీద బాబాయ్ ఎర్ర స్కెచ్‌తో "ముట్టుకోవద్దు, ఇది సముద్రం" అని రాశాడు.

అక్టోబర్ 31

28 రాత్రి మొంథా తుపాను తీరం దాటింది. గాలి మా ఇంటి మీద నుంచే పోయినట్టుంది. ల్యాబులో కిటికీ అద్దం ఒకటి పోయింది, వానంతా లోపలికి కొట్టింది. కరెంటు ఇవాళ మధ్యాహ్నం వచ్చింది. ఓవెన్ చల్లబడి మూడు రోజులు. అయిదో డబ్బా మూత బిగుతుగానే ఉంది. తెల్ల హైడ్రాక్సైడు వయల్‌ని కూడా కాపలాగా దాని పక్కన పెట్టాను, అది లేత పచ్చగా ఉంది. అంటే ఆక్సిజన్ చాలా కొంచెం దూరింది. ప్రయోగం పాడైందని చెప్పలేను, పాడవలేదనీ చెప్పలేను. తేదీ రాసి, 65కి మళ్ళీ పెట్టాను.

జూలైలో కట్టిన మెజరింగ్ సిలిండర్ మాత్రం ఆ గాలికి బల్ల మీంచి పడి ముక్కలైంది. అందులో అప్పటికే అడుగున రెండు వేళ్ళ మందాన మడ్డి చేరింది. బాబాయ్ చీపురుతో ఊడ్చి బయట పోసేశాడు. ఏమీ అనలేదు. అనడానికేముంది.

నవంబర్ 12

మళ్ళీ విశాఖ, మళ్ళీ అదే అబ్బాయి. ఈసారి శాంపిళ్ళని ఇంటి దగ్గరే అయిదుసార్లు కడిగి, ఉప్పు మిగిలిందేమోనని సిల్వర్ నైట్రేటు వేసి, తెల్లదనం రాకపోయాకే తెచ్చాం. 31.7 దగ్గర ఏమీ లేకపోయేసరికి పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఓవెన్లోని నాలుగో డబ్బాలో గోథైటు, దాని పక్కన 35.5 దగ్గర అయస్కాంతానికి లొంగే మాగ్నటైటు. అయస్కాంతం అబద్ధం చెప్పలేదు. బల్ల మీద మామూలు వేడిలో ఉంచిన కవలలో వేరే కథ. 14 డిగ్రీల దగ్గర శిఖరం, అంటే లెపిడోక్రోసైటు, కొంచెం గోథైటు. అవే పాళ్ళు, అదే ఉప్పు, వేడి ఒక్కటే తేడా. క్లోరైడు నిండుగా ఉన్న నీటిలో ఫెర్రస్ తక్కువగా ఉంటే లెపిడోక్రోసైటు ముందు పుట్టడం తెలిసిన సంగతే. అందుకే మొదట్లో మోర్ సాల్ట్‌ని పక్కన పెట్టాను. సల్ఫేటు ఉంటే నేరుగా గోథైటు వైపు లాగేది.

అయిదో డబ్బాలో రెండు మూపురాలు, అంతే. 57 రోజులు, ఒక పండగ, ఒక తుపాను. నాలుగో దాన్ని ఒక్క రాత్రిలో మార్చిన ఫెర్రస్ దీంట్లోనూ ఉంది, కానీ సిలికా ముందు దాని ఆట సాగలేదు.

అట్లాంటిస్-2 మట్టి గురించి చదివిన వర్ణనలతో దీన్ని పక్కపక్కన పెట్టి చూశాం. ఆ పొరల్లో స్ఫటికం సరిగా కట్టని, సిలికా పట్టిన ఇనుము మడ్డి ఉంది. గోథైటు పొరలున్నాయి. లెపిడోక్రోసైటు ఉంది. సిలికా ఇంకా ఎక్కువైన చోట నాంట్రోనైట్ లాంటి ఇనుప బంకమట్టి ఉంది. సల్ఫైడు పొరల్లో జింకు, రాగి ఉన్నాయి. వాటి కోసమే సౌదీ, సూడాన్‌లు కలిసి 1979లో ఒక జర్మన్ కంపెనీతో మట్టిని పైకి తోడించి చూశాయి. హెమటైటు, మాగ్నటైటు ఎక్కువగా కనిపించేది నైరుతి వైపు, వేడి ద్రవం తన్నుకొచ్చే చోట. ఇవన్నీ వేర్వేరు కాలాల కథలని ఇదివరకు అనుకునేదాన్ని. మా అయిదు డబ్బాలు చూశాక అవన్నీ ఇరుగుపొరుగు కథలనే ఎక్కువ అనిపిస్తోంది. ఒకే గుంటలో, ఒకే ఏడాది రాలిన పొలుసు సిలికా పక్కన పడితే పొలుసుగానే ఉండిపోతుంది, ఫెర్రస్ పక్కన పడితే తెల్లారేసరికి వేరే ఖనిజమవుతుంది. కాలం పని చేయదని కాదు. దాని ముందు చిటికెడు సిలికా నిలబడితే చాలాకాలం ఆగాల్సి వస్తుంది.

మాకు అసలైన ఎర్ర సముద్రపు మట్టి చెంచాడు కూడా దొరకలేదు. దొరికితే మొదట కొలిచేది సిలికానే.

ఇంకో ముచ్చట. మా రెండో అమ్మాయిది ఒంగోలు. వాళ్ళ ఊరి దగ్గర కొండల్లో మాగ్నటైటు, క్వార్ట్‌జు పొరలు పొరలుగా ఉంటాయి. అలాంటి పొరల రాళ్ళు ప్రపంచంలో చాలాచోట్ల ఉన్నాయి. వాటి ఇనుములో పెద్ద వాటా ఆదికాలపు సముద్రాల్లోని వేడినీటి బుగ్గలదేనని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. క్వార్ట్‌జు అంటే సిలికా. ఇనుము, సిలికా అక్కడా పక్కపక్కనే. "అంటే మా కొండ కూడా అయిదో డబ్బాయేనా మేడమ్?" అంది. కోట్ల ఏళ్ళు నొక్కి, వేడి చేసిన అయిదో డబ్బా అన్నాను. పూర్తిగా నిజం కాకపోవచ్చు గానీ, ఆ పిల్ల ఈసారి సెలవులకి వెళ్ళి రాయి పట్టుకొస్తానంది.

నవంబర్ 17

అయిదో డబ్బా మడ్డిని రెండు భాగాలు చేశాం. సగం యథాతథంగా వెనక్కి. మిగతా సగానికి ఫెర్రస్ పది రెట్లు పెంచి, లీటరుకి 800 మిల్లీగ్రాములు వేశాం. సిలికా గోడ ఎంత గట్టిదో చూడాలి. నైట్రోజన్ గంటన్నర, పీహెచ్ 7.0, ప్లాస్టిక్ డబ్బా, 65 డిగ్రీలు. మూత చుట్టూ టేపు వేశాం.

మధ్యాహ్నం మూడుం పావుకి ఓవెన్లో పెట్టాను. ఆరింటికి రంగు మారలేదు. స్పీకరు అయస్కాంతాన్ని డబ్బాకి దారంతో కట్టి, తాళం బాబాయ్‌కి ఇచ్చి వచ్చాను.